మాటల్లేని రెండు దేశాలకు మా ఇంట్లో పేరంటం

రెండు దేశాలు మాట్లాడుకోవడం మానేస్తే, ఆ రెండు దేశాల ఎంబసీల మధ్య ఫోన్లు పెరుగుతాయి. ఈ సంగతి ఏ పుస్తకంలోనూ రాయరు. ఉద్యోగంలో చేరి చాలా ఏళ్లయ్యాక గానీ నాకూ తెలియలేదు.

నేను 2001లో వాషింగ్టన్‌లో ఒక యూరప్ దేశపు ఎంబసీలో చేరి 2015లో రిటైరయ్యాను. దేశం పేరు చెప్పను. చేరేటప్పుడూ, మానేటప్పుడూ నోరు మెదపనని సంతకం పెట్టించుకున్నారు. అందుకని దాన్ని ‘మా దేశం’ అంటాను, దాని పక్కనున్నదాన్ని ‘పొరుగు దేశం’ అంటాను. మనుషుల పేర్లు కూడా మార్చాను. అమలాపురంలో పుట్టినదానికి అదెక్కడి ‘మా దేశం’ అని మీరు నవ్వవచ్చు. మా ఆయనా నవ్వేవారు. అన్నేళ్లు ఒకరి ఉప్పు తిన్నాక వాళ్ల ఫుట్‌బాల్ జట్టు ఓడిపోతే మనకి అన్నం సయించదు. ఎందుకని అడిగితే చెప్పలేను.

ఇప్పుడు మేం నార్త్ కరోలినాలో క్యారీ అనే ఊళ్లో ఉంటున్నాం. మా వీధిలో నిత్య అని ఒక కాలేజీ అమ్మాయి ఉంది, ఇక్కడే పుట్టి పెరిగింది. “ఆంటీ, నాకు ఎంబసీలో జాబ్ కావాలి. అక్కడ రియల్లీ ఏం చేస్తారు?” అని అడిగింది. చెప్పడం మొదలుపెట్టగానే “కొంచెం షార్ట్‌గా చెప్పండి, నాకు క్లాస్ ఉంది” అంది. షార్ట్‌గా చెప్పడం నాకు పుట్టుకతో రాలేదు. అందుకే రాస్తున్నాను. ఆ పిల్లకి తెలుగు చదవడం రాదు. వాళ్లమ్మ చదివి వినిపిస్తానంది.

కుర్చీలు

నా ఉద్యోగం పేరు సోషల్ సెక్రటరీ. విందుకి ఎవరిని పిలవాలి, ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెట్టాలి, ఎవరు ఏం తినరు, ఎవరి భార్యకి ఎవరి భార్యంటే పడదు, ఇవన్నీ చూడటం. దౌత్యం అంటే ఒప్పందాలూ, సంతకాలూ అనుకుంటారు. నేను చూసినంతవరకు సగం దౌత్యం కుర్చీలే.

చేరిన మొదటి ఏడాదే ఒక విందులో చేతులారా తగువు తెచ్చాను. మన పెళ్లిళ్లలో పెద్దవాళ్లని ముందు కూర్చోబెడతాం కదా. అలాగే తల నెరిసిన ఒక రాయబారిని ముఖ్య అతిథి పక్కన వేసి, ఇంకో దేశపు కుర్ర రాయబారిని బల్ల చివర వేశాను. ఆ కుర్రాయన తన కుర్చీ వైపు ఒకసారి చూసి, తలనొప్పిగా ఉందని చెప్పి, సూప్ రాకముందే వెళ్లిపోయాడు. తర్వాత తెలిసింది. ఇక్కడ రాయబారుల పెద్దరికం వయసుని బట్టి కాదు, దేశం సైజుని బట్టీ కాదు. ఎవరు ముందుగా వచ్చి అమెరికా అధ్యక్షుడికి తమ నియామక పత్రాలు ఇచ్చారో వాళ్లే పెద్ద. ఆ లెక్కన వెళ్లిపోయినాయనే పెద్ద.

అప్పటి మా రాయబారి ముసలాయన. ఉద్యోగం ఊడిందనుకునే ఆయన గదిలోకి వెళ్లాను. అలా ఎందుకు వేశావని అడిగారు. మా వైపు పద్ధతి అదేనని చెప్పాను. ఆయనకి కోపం రాకపోగా ఆసక్తి వచ్చింది. పెళ్లిలో ఎవరెవరు ఎక్కడ కూర్చుంటారో అరగంట అడిగి తెలుసుకున్నారు. చివరికి, “మీ పద్ధతి మర్యాదగానే ఉంది. కానీ అలా అయితే చిన్న దేశం నుంచి వచ్చిన కుర్రవాడు ఎప్పటికీ ముందుకి రాలేడు. తేదీ లెక్కన అయితే వస్తాడు” అన్నారు. నాకు ఆ మాట నచ్చింది. ఈ ఉద్యోగంలో ఉండిపోదామని అనుకున్నది ఆ రోజే.

ఆయన ఇంకో మాట కూడా అనేవారు. పిలుపు అందరికంటే ముందు వినపడేది పిలవనివాడికే అని. వీధిలో ఒక్క ఇల్లు వదిలేసి పేరంటం పిలిచి చూడండి, ఆయన మాట మీకూ అర్థమవుతుంది.

మాట్లాడకుండా ఉండటానికి పడే పాట్లు

2010 ఎండాకాలంలో తగువు వచ్చింది. మా దేశానికీ, పొరుగు దేశానికీ మధ్య ఒక సముద్రం ఉంది. అందులో చేపలు బాగా పడే చోటు ఒకటుంది. అది మాదంటే మాదని తాతల నాటి నుంచి గొడవ. ఆ ఏడాది మా దేశపు చేపల పడవ ఒకటి అక్కడికి వెళ్తే, పొరుగు దేశపు గస్తీ నౌక పట్టుకుంది. పడవలో ఉన్న ఐదుగురినీ జైల్లో పెట్టారు. మావాళ్లు మా రాజధానిలో ఉన్న వాళ్ల రాయబారిని పొమ్మన్నారు. వాళ్లు తమ రాజధానిలో ఉన్న మా రాయబారిని పొమ్మన్నారు. రాజధానుల్లో తలుపులు మూతపడ్డాయి. రెండు దేశాల మనుషులూ ఇంకా ఎదురుపడే ముఖ్యమైన ఊరు వాషింగ్టనే. అక్కడా మాటలు వద్దని ఇద్దరికీ ఆదేశం వచ్చింది.

ఆ ఆదేశం చదవడానికి నాకు సరదాగా ఉండేది. పొరుగు దేశపు అధికారితో కరచాలనం వద్దు. పలకరింపుకి బదులు తల ఊపవచ్చు, నవ్వకూడదు. ఒకే గదిలో ఉండవచ్చు, ఒకే ఫొటోలో ఉండకూడదు. రాసినవాడెవడో తోడికోడళ్ల మధ్య పెరిగి ఉంటాడు.

మంచి ముసలాయన రిటైరై, అప్పటికి కొత్త రాయబారి ఉన్నారు. మర్యాదస్తుడే. కాకపోతే మబ్బు లేకపోయినా గొడుగు పట్టుకుని తిరిగే రకం. పొరుగు దేశానికి ఇక్కడ రాయబారి ఒక స్త్రీ, వెరా. ఆవిడ దగ్గర నాలాంటి ఉద్యోగమే చేసే కార్మెన్ పెరూ నుంచి వచ్చినామె. నాకూ, కార్మెన్‌కీ యూరప్‌తో ఏ చుట్టరికమూ లేదు. కానీ ఆ రెండు దేశాలూ మాట్లాడుకోకుండా ఉండాలంటే మేమిద్దరం రోజూ మాట్లాడుకోవలసి వచ్చేది.

“ఈ రాత్రి విందుకి మా ఆవిడ ముందు వస్తారు. మీ ఆయన్ని కాస్త ఆలస్యంగా తీసుకురా” అనేది కార్మెన్.

“ఆలస్యం ఆయన వల్ల కాదు. మీ ఆవిడనే తొందరగా పంపించెయ్” అనేదాన్ని.

ఒకసారి లెక్క తప్పింది. విందు అయ్యాక, విప్పి ఇచ్చిన కోట్లు తిరిగి తీసుకునే చోటికి ఇద్దరూ ఒకేసారి రాబోయారు. కార్మెన్ ఆలోచించకుండా తన హ్యాండ్‌బ్యాగ్ నేలమీద బోర్లించింది. వెనక నుంచి వస్తున్న వెరా ఆగి, పట్టు గౌనుతో మోకాళ్ల మీద కూర్చుని, దొర్లిపోయిన చిల్లరా, లిప్‌స్టిక్కులూ ఏరి ఇచ్చారు. ఈలోపు మా రాయబారి కారెక్కేశారు. మావాళ్లంతా వెరాని గయ్యాళి అనేవారు. ఆ రోజు నుంచి నేను ఆ మాట నమ్మలేదు.

అసలు చిక్కు ఏమిటంటే, మాట్లాడాలని ఇద్దరికీ ఉంది. ముందు ఎవరు ఫోన్ చేస్తే వాళ్లు తప్పు ఒప్పుకున్నట్టు. అలిగిన వియ్యపురాళ్లని చూసినవాళ్లకి నేను విడమర్చి చెప్పక్కర్లేదు.

కిటికీ దగ్గర హానా

పడవలోని ఐదుగురిలో చిన్నవాడి పేరు ఎమిల్. వాడి అక్క హానా న్యూయార్క్ పక్కన జెర్సీ సిటీలో ఒక బేకరీలో పని చేసేది. సెలవు దొరికినప్పుడల్లా బస్సెక్కి వాషింగ్టన్ వచ్చి మా ఎంబసీలో జనం అర్జీలు ఇచ్చే కిటికీ దగ్గర నిలబడేది. కిటికీలో కూర్చోవడం నా పని కాదు. ఆ పని చేసే అమ్మాయి సెలవులో ఉంటే, వాళ్ల భాష అంతో ఇంతో వచ్చని నన్ను కూర్చోబెట్టారు.

అక్టోబరు చివర్లో కోర్టులో విచారణ మొదలవుతుందని అప్పటికే వార్త వచ్చింది. పొరుగు దేశపు చట్టం ప్రకారం విచారణ మొదలయ్యేవరకు ప్రభుత్వం ఎవరినైనా వదిలేయవచ్చు. మొదలయ్యాక మంత్రి కూడా ఏమీ చేయలేడు. శిక్ష పడితే ఏళ్ల తరబడి జైలే. అందుకని హానా వెరాకి విన్నపం పెట్టుకుంటానంది. మా రాజధాని ససేమిరా అంది. వదిలిపెట్టమని కుటుంబాలు అడిగితే, ఆ నీళ్లు వాళ్లవేనని మనమే ఒప్పుకున్నట్టవుతుందని వాళ్ల వాదన. ఎవరూ రాయకూడదు. ఆ మాట హానాకి నేను చెప్పాలి.

చెప్పాను. ఆమె అరవలేదు. “ఆ నీళ్లు ఎవరివైతే నాకేం? అమ్మ పోయాక వాణ్ని పెంచింది నేను. వాడికి చేపలు పట్టడం కూడా సరిగ్గా రాదు. అదే వాడి మొదటి పడవ” అంది.

కొత్తగా ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లకి ఒక మాట చెప్తాను. దేశం తరఫున చెప్పవలసినవి చెప్పాలి, తప్పదు. కానీ చెప్పి ఊరుకోవాలని ఎక్కడా లేదు. ఆమె ముఖం చూస్తే ఏ పూటా సరిగ్గా తిన్నట్టు లేదు. దసరాల్లో శనివారం మా ఇంట్లో పేరంటం ఉంది, రా, భోజనం చేసి వెళ్దువుగాని అన్నాను. అప్పటికే నా మనసులో ఏదో ఉందా అంటే, ప్లాన్ అనేంత ఏమీ లేదు. ఏం జరుగుతుందో చూద్దామనే బుద్ధి మాత్రం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది.

బొట్టు పెట్టి పిలవడం

మేం అప్పుడు వర్జీనియాలో హెర్న్‌డన్‌లో ఉండేవాళ్లం. ఏటా దసరాలకి బొమ్మల కొలువు పెట్టి, తెలుగువాళ్లతో పాటు ఆఫీసులో పరిచయమైన ఆడవాళ్లని కూడా పిలిచేదాన్ని. మా రాయబారి భార్య ఇంగ్రిడ్ ఏటా వచ్చేవారు. కార్మెన్ కూడా వచ్చేది.

ఆ ఏడాది ఇంగ్రిడ్ ఒక మధ్యాహ్నం నా బల్ల దగ్గరికి వచ్చి, గాజు గ్లాసులు వెలుగులో పెట్టి చూస్తూ నిలబడ్డారు. గ్లాసులు చూడటం ఆవిడ పని కాదు.

“ఈ ఏడాది కార్మెన్ వస్తుందా?” అన్నారు.

“వస్తుందండీ, ఏటా వస్తుందిగా.”

“ఒక్కతే వస్తుందా?”

నేను తలెత్తాను. ఆవిడ గ్లాసే చూస్తున్నారు. “నా భర్త ఉద్యోగి. నేను కాను. నేను ఎవరి పక్కన కూర్చుంటే ఎవరికి నష్టం?” అని, గ్లాసు బల్ల మీద పెట్టి, “మీలో ఎలా పిలుస్తారు? కార్డు పంపుతారా?” అని అడిగారు.

“పేరంటానికి కార్డులు ఉండవండీ. ఇంటికి వెళ్లి బొట్టు పెట్టి పిలవాలి.”

“అంటే ఫోనూ కాదు, కాగితమూ కాదు” అన్నారు. ఆవిడ ముఖం వెలిగిపోయింది. భర్తకి లేని ధైర్యం, తెలివి రెండూ ఆవిడ దగ్గర ఉండేవి. ఇలాంటి ఇళ్లు ఎంబసీలుండే ఆ వీధిలో చాలా చూశాను.

శనివారం ముందు ఆదివారం కుంకుమ భరిణె పట్టుకుని వెరా ఇంటికి వెళ్లాను. ఆఫీసు కారు కాదు, నా కారే. కార్మెన్ తలుపు తీసి, నన్ను చూసి, గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది. వెరా కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుంటూ మెట్లు దిగి వచ్చారు.

“మీ ఎంబసీ పంపిందా?” అన్నారు.

“లేదండీ. మా అత్తగారు నేర్పిన పద్ధతి. తెలిసినవాళ్లని ఎవరినీ వదలకూడదు.”

“కాదంటే ఏమవుతుంది?”

“పేరంటం కాదనకూడదంటారు. కాదంటే ఏమవుతుందో ఇప్పటిదాకా ఎవరూ కాదనలేదు, అందుకని తెలియదు.”

ఆవిడ నవ్వారు. ఎవరెవరు వస్తారని అడిగారు. దాచకూడదనిపించి చెప్పాను. “ఇంగ్రిడ్ గారు వస్తారు. జైల్లో ఉన్న ఒకబ్బాయి అక్క కూడా వస్తుంది.”

వెరా నుదుటి మీది కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. తర్వాత ఆవిడ బొట్టు కోసం నుదురు ముందుకి వంచారు. తెలియక వచ్చారని తర్వాత కొందరు అన్నారు గానీ, తెలిసే వచ్చారు. ఈ ఒక్క సంగతి సరిగ్గా రాయడానికే ఇదంతా రాస్తున్నానేమో.

పసుపు కాళ్లు

ఆ రోజుల్లో మా తెలుగువాళ్లలోనే ఆంధ్రా, తెలంగాణా అని మాటలు తగ్గాయి. పార్టీల్లో వీళ్లొక మూల, వాళ్లొక మూల కూర్చునేవారు. నేను మాత్రం అందరినీ పిలిచాను. మగవాళ్లని టీవీ దగ్గరికి బేస్‌మెంట్‌లోకి తోలేశాం. వచ్చినవాళ్లందరికీ కాళ్లకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, గంధం రాసి లోపలికి పంపాను. వెరా మేజోళ్లు విప్పి బుద్ధిగా కాళ్లు చాపారు. ఇది ఎందుకు, అది ఎందుకు అని అన్నీ అడిగారు. కొలువులో శెట్టి, శెట్టెమ్మ బొమ్మల ముందు పప్పులూ, బియ్యం ఎందుకు పోశారో అడిగారు. కొండపల్లి ఏనుగు పక్కన మా అమ్మాయి బార్బీ ఎందుకుందో అడిగారు. అది మా అమ్మాయిని అడగాలన్నాను.

పేరంటంలో కుర్చీలు ఉండవు. గోడకి ఆనుకుని కార్పెట్ మీద ఇంగ్రిడ్ కూర్చున్నారు. వెరా వచ్చి అటు పక్కన కూర్చున్నారు. మధ్యలో సుభద్ర గారు. సుభద్ర గారిది గుంటూరు. ఇక్కడ బ్యాంకులో పని చేసి రిటైరయ్యారు. మంచి మనసు, అంతకంటే పెద్ద గొంతు. ఇంగ్రిడ్ బొమ్మల వైపు చూస్తున్నారు. వెరా బొమ్మల వైపు చూస్తున్నారు. ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు. ముందు ఎవరు పలకరించాలనే చిక్కు కార్పెట్ మీదకి కూడా వచ్చింది.

సుభద్ర గారు ఊరుకునే మనిషి కాదు. ఇద్దరినీ ఊరూ పేరూ అడిగారు. అడిగి, “అదేంటి, పక్కపక్క దేశాలేగా! మరి వై నాట్ టాకింగ్? ఫైటింగా?” అన్నారు.

నా చేతిలో శనగల పళ్లెం ఉంది. అది కింద పడకపోవడం ఆ అమ్మవారి దయ. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆ ప్రశ్న అంత తిన్నగా అడిగినవాళ్లని నేను చూడలేదు.

“ఎస్, ఫైటింగ్” అన్నారు వెరా.

“ఏం తగువమ్మా? ప్రాపర్టీయా?”

“కాదు, నీళ్లు.”

“అయ్యో, మాదీ అదే రోగమేగా!” అన్నారు సుభద్ర గారు.

ఎదురుగా కూర్చున్న వరంగల్ స్వరూప ఊరుకోలేదు. “రోగం మాది గాదు వదినా. నీళ్లు మీరు తీస్కపోయిన్రు, గొడవ మాకు మిగిలింది” అంది. ఆ గదిలో నెలల తర్వాత అందరూ కలిసి నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో వెరా అడిగితే స్వరూపే వెళ్లి ఇంగ్లీషులో చెప్పింది. ఇంగ్రిడ్ కూడా చెవి ఇటు పెట్టారు.

అంతలో హానా వంటింట్లో నుంచి పులిహోర తెచ్చింది. ఈ అమ్మాయి ఎవరు, ఎందుకలా ఉందని సుభద్ర గారు అడిగారు. తమ్ముడు జైల్లో ఉన్నాడని హానా చెప్పింది. ఏ ఊరి జైల్లో అంటే, పొరుగు దేశం పేరు చెప్పింది. సుభద్ర గారు వెరా వైపు తిరిగారు. వెరా ఎవరో ఆవిడకి తెలియదు. నాతో పాటు ఆఫీసులో టైప్ చేసే మనిషి అనుకున్నారట.

“మీ దేశంలోనేగా! మరి వచ్చినకాడి నుంచీ ఈ పిల్లని పలకరించలేదేం? లలితా, ఆవిడకి నువ్వు సరిగ్గా చెప్పు. నా ఇంగ్లీషుకి అందదు. మంచికైతే పిలిస్తే వెళ్తాం, చెడ్డకైతే పిలవకపోయినా వెళ్తాం. కష్టంలో ఉన్నవాళ్లని పలకరించడానికి ముందేంటి, వెనకేంటి? అక్కడ పంతాలుండవని చెప్పు.”

చెప్పాను. వెరా మళ్లీ చెప్పమన్నారు. మళ్లీ చెప్పాను. ఆవిడ లేచి, పసుపు కాళ్లతో గది దాటి వెళ్లి, హానా పక్కన నేలమీద కూర్చున్నారు. తనెవరో చెప్పారు. హానా పళ్లెం పట్టుకునే లేవబోయింది. వెరా ఆ పళ్లెం తీసి పక్కన పెట్టి, “మీ తమ్ముడి పేరేమిటి?” అని అడిగారు.

అప్పుడు ఇంగ్రిడ్ నా మోచెయ్యి పట్టుకున్నారు. “లలితా, ఈ అన్నంలో పుల్లగా ఉన్నది ఏమిటి?”

“చింతపండండీ.”

“దాని గురించి నాకు చాలా తెలుసుకోవాలనుంది. వంటింట్లోకి వెళ్దాం పద.”

మేం వంటింట్లో ఉండిపోయాం. చింతపండు ఎక్కడ పండుతుందో, ఎలా నానబెడతారో, గింజలతో ఏం చేస్తారో ఇంగ్రిడ్ అడుగుతూనే ఉన్నారు. మా దేశం ఒప్పుకోలేదు, కాదనలేదు. ఆ సమయానికి వంటింట్లో ఉంది. మా దేశపు సమ్మతి ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే, చింతపండు వాసన వేస్తుందని చెప్తాను.

తర్వాత హానా చెప్పింది. ఎమిల్ పేరు చెప్పగానే, మిగతావాళ్ల పేర్లు కూడా చెప్పమని వెరా అడిగారట. ఎక్కడా రాసుకోలేదు. ఐదు పేర్లూ విని, తిరిగి ఒకసారి తనే చెప్పుకుని, హానా చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చున్నారట. వదిలిపెడతామని మాటివ్వలేదు. హానా ఏడవలేదు కూడా. ఇద్దరూ వాళ్ల ఊళ్లలో చలి గురించి మాట్లాడుకున్నారట.

ఇద్దరూ గెలిచారు

విచారణకి ముందు వారం పొరుగు దేశం ఒక ప్రకటన ఇచ్చింది. కుటుంబాల బాధ చూసి, మానవత్వంతో ఐదుగురినీ వదిలేస్తున్నామని, పడవ మాత్రం ఇవ్వమని. మా దేశం కూడా ఒక ప్రకటన ఇచ్చింది. మా గట్టి వైఖరి ముందు వాళ్లు తలవంచారని. రెండూ పక్కపక్కన పెట్టి చదివి నేనూ, కార్మెన్ ఫోన్లో పడీ పడీ నవ్వాం. ఎవరు నిజం చెప్పారని మీరు అడగవచ్చు. ఇద్దరూ గెలిచామని చెప్పుకునే వీలు ఉంటేనే ఏ తగువైనా తెగుతుంది. ఇది నేర్చుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. మీకు ఊరికే చెప్తున్నాను.

హానా బేకరీ నుంచి ఫోన్ చేసింది. మాట్లాడలేక, ఫోన్ పక్కనున్నామెకి ఇచ్చేసింది. ఆవిడకి ఇంగ్లీషు కూడా అంతగా రాదు. అయినా సంగతి నాకు అర్థమైంది.

మా రాయబారి నా బల్ల దగ్గర ఆగి, “మీ పండగ బాగా జరిగిందా?” అన్నారు. జరిగిందన్నాను. “సంతోషం. వివరాలు మాత్రం చెప్పకండి” అని వెళ్లిపోయారు.

అంతా బాగానే ఉందనుకున్నాం. నేను వంటింట్లో చింతపండు పాఠం చెప్తున్నప్పుడు, సుభద్ర గారు మన ఆడవాళ్లందరూ చేసే పనే చేశారు. కొలువు ముందు అందరినీ కూర్చోబెట్టి ఫొటోలు తీశారు. ఆ రాత్రే ఫేస్‌బుక్‌లో పెట్టారు. “లలిత గారింట్లో ఫారిన్ సిస్టర్స్‌తో” అని కింద రాశారు. నేనూ లైక్ కొట్టాను. ఎప్పుడూ పెట్టే ఫొటోలేగా అని సరిగ్గా చూడనే లేదు. అందులో ఒకదానిలో వెరా నుదుట కుంకుమతో, పసుపు కాళ్లతో, హానా చెయ్యి పట్టుకుని ఉన్నారు.

ఐదుగురూ ఇంటికి చేరిన కొన్నాళ్లకి ఆ ఫొటో పొరుగు దేశపు పత్రికలో వచ్చింది. ఎవరు, ఎలా పట్టుకున్నారో తెలియదు. మన నీళ్లు దోచుకున్నవాళ్లతో మన రాయబారి విందు అని పెద్ద అక్షరాలు. విందు ఇచ్చింది అవతలి ఎంబసీలో పనిచేసే మనిషి ఇంట్లో అని కూడా రాశారు. ఇంగ్రిడ్ ఫొటోలో లేరు, ఉన్నా ఆవిడ ఉద్యోగి కాదు. నన్ను పీకేయమని మా రాజధాని అడిగితే, అది ఆమె మతాచారమని మా రాయబారి తన గొడుగు నా మీద పట్టారు. ఆయన గురించి ఇందాక అన్న మాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను. వెరా మీద పట్టడానికి మాత్రం ఎవరి దగ్గరా గొడుగు లేదు. ఆవిడని వెనక్కి పిలిచేశారు. ఇక ఏ దేశానికీ రాయబారిగా పంపరని కార్మెన్ ఏడుస్తూ చెప్పింది.

సుభద్ర గారికి ఈ సంగతి నేను ఎప్పుడూ చెప్పలేదు. ఆ ఫొటో ఆవిడకి చాలా ఇష్టం. హాల్లో ఫ్రేమ్ కట్టించి పెట్టుకున్నారు.

వెళ్లే ముందు రోజు వెరా ఇంటికి వెళ్లాను. ఎవరూ పిలవలేదు. ఇల్లంతా అట్టపెట్టెలు. గోడల మీద పటాలు తీసేసిన చోట్లు తెల్లగా ఉన్నాయి. ఆవిడ ఒక పెట్టె మీద కూర్చుని టేపు అంటిస్తున్నారు. క్షమించమని అడగడానికే వెళ్లాను. నిలబడి ఏడ్చాను. అంత పెద్దదాన్ని, నా మీద నాకే చిరాకేసింది.

ఆవిడ ఇంకో పెట్టె ముందుకి జరిపి కూర్చోమన్నారు. “ఆ అబ్బాయి ఎలా ఉన్నాడు?” అని అడిగారు.

“ఇంటికి చేరాడండీ. తింటున్నాడు, పడుకుంటున్నాడు, ఇంకేం చేయడం లేదని వాళ్లక్క తిడుతోంది.”

“మిగతావాళ్లు?”

“అందరూ చేరారు.”

వెరా తల ఊపారు. టేపు చివర పళ్లతో కొరికి తెంపి, పెట్టె మూత మీద అరచేత్తో నొక్కారు.

“ఐదుగురిని ఇంటికి పంపమని మావాళ్లని అడిగాను” అన్నారు. “ఆరుగురిని పంపుతున్నారు.”